స్వేచ్ఛ, ఉచితం, ఔచిత్యం: ఇంటి కంప్యూటర్ తెర మీది తెలుగు

‘సాహిత్య విమర్శకుడికి సాఫ్ట్‌వేర్‌తో ఏం పని?’ అని మా జిల్లా సంఘం సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు. ఇంట్లో నేను లినక్స్ మీద రాసుకుంటాననీ, దాన్ని గురించి మన పత్రికలో చర్చ జరగాలనీ అన్నందుకు వచ్చిన ప్రశ్న అది. అదే సమావేశంలో ఇంజనీరింగ్ చదివిన ఒక యువమిత్రుడు రెండో కొసకు పోయాడు. ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అంటే ఆచరణలోకి వచ్చిన సోషలిజమే కదా సార్, ఇంకా చర్చ దేనికి?’ అన్నాడు.

ఈ రెండు అభిప్రాయాలూ సరైనవి కావని నా నమ్మకం. మొదటిది రాసే పనిముట్టును రచనకు సంబంధం లేని వస్తువుగా చూస్తుంది. తాటాకు నుంచి అచ్చుయంత్రానికి వచ్చినప్పుడు మన సాహిత్యం ఎంత మారిందో తెలిసినవారు ఆ మాట అనలేరు. రెండోది కాగితం మీద రాసిన హక్కు చేతికి అందినట్టే అనుకుంటుంది. కౌలుదారీ చట్టాల అమలు ఎలా జరిగిందో చూసినవారు ఆ మాటా అనలేరు. హక్కు ఎవరి పేర రాసి వుంది, దాన్ని వాడుకోగల శక్తి ఎవరికుంది, ఆ రెంటి మధ్య ఎంత దూరం వుంది అన్నవే అసలు ప్రశ్నలు. ఒక మామూలు ఇంటి వాడుకరిగా, తెలుగు చదువుకున్నవాడిగా ఆ దూరాన్ని కొలవడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను.

ముందు నా అనుభవం ఎంతటిదో చెప్పుకోవాలి. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పేవాణ్ణి. ప్రోగ్రాములు రాయడం రాదు. 2020లో బడులు మూతపడ్డప్పుడు మా పాత కంప్యూటర్ తెరుచుకోవడానికే పది నిమిషాలు పట్టేది. నా పూర్వ విద్యార్థి ఒకడు పెన్‌డ్రైవ్‌లో లినక్స్ మింట్ తెచ్చి ఎక్కించి వెళ్లాడు. ఆనాటి నుంచీ ఇంటి పనులన్నీ దాని మీదే జరుగుతున్నాయి. ప్రశ్నపత్రాలు, వ్యాసాలు లిబ్రేఆఫీస్‌లో రాస్తాను. కరెంటు బిల్లు ఫైర్‌ఫాక్స్ తెరిచి కడతాను. మా ఆవిడ తమ డ్వాక్రా సంఘం లెక్కలు లిబ్రేఆఫీస్ పట్టికలోనే వేస్తుంది. 2025 అక్టోబరులో ఒక పెద్ద కంపెనీ తన పాత కూర్పుకు మద్దతు ఆపేసినప్పుడు, మా బడిలో ఇద్దరు ఉపాధ్యాయులు చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లను పక్కన పెట్టి కొత్తవి కొన్నారు. వాటికంటే పాతదైన నా యంత్రం మీద నేను ఈ వ్యాసం రాస్తున్నాను.

అయితే అంతా సుఖమేనని చెప్పడం లేదు. నా ప్రింటర్‌ను తయారుచేసిన కంపెనీ లినక్స్‌కు కావలసిన డ్రైవర్ ఇవ్వలేదు. అయిదేళ్లుగా పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని జిరాక్సు షాపుకు పోతున్నాను. పై ఆఫీసులు పంపే ఫారాలు నా తెర మీద గళ్లు తప్పి కనిపిస్తాయి. ‘ఊరందరిదీ ఒక దారైతే మీదొక దారా?’ అని మా ఆవిడ అడుగుతుంది. ఆమె ప్రశ్నలో న్యాయం వుంది. దారి అందరిదీ అయ్యేదాకా దాని మీద నడిచేవాడికి ముళ్లు తప్పవు.

ఇక మాటల దగ్గరికి వస్తాను. ఈ ఉద్యమానికి మూలపురుషుడైన రిచర్డ్ స్టాల్‌మన్ అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పనిచేసేవాడు. ఆయన కథ కూడా ప్రింటర్‌తోనే మొదలైంది. 1980 ప్రాంతంలో అక్కడికి వచ్చిన కొత్త లేజర్ ప్రింటర్ తరచు మొరాయించేది. కాగితం ఇరుక్కున్నప్పుడు అందరికీ కబురందేలా దాని ప్రోగ్రామును సవరిద్దామని ఆయన అనుకున్నాడు. కానీ ఆ ప్రోగ్రాము మూలపాఠం ఇవ్వడానికి అది తన దగ్గరున్న పరిశోధకుడు ఒప్పుకోలేదు. ఎవరికీ ఇవ్వనని ఒప్పందం మీద సంతకం చేశానన్నాడు. పక్కవాడికి సాయపడకూడదని కాగితం రాసి ఇవ్వడమేమిటన్న కోపం నుంచి 1983లో గ్నూ ప్రణాళిక పుట్టింది. 1985లో దాని మేనిఫెస్టో అచ్చయింది. 1989లో జి.పి.ఎల్. అనే లైసెన్సు వచ్చింది. ప్రోగ్రామును దేనికైనా వాడుకోవడం, ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవడం, నకళ్లు పంచడం, మార్చిన ప్రతిని పంచడం అనే నాలుగు స్వేచ్ఛలు ఈ ఉద్యమానికి పునాది. హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ మరుసటి సంవత్సరం ఈ లైసెన్సు కిందికే వచ్చింది.

ఆ మేనిఫెస్టోను సాహిత్య విద్యార్థిగా చదివితే ఒక సంగతి కనిపిస్తుంది. అది మన శాస్త్ర గ్రంథాల పద్ధతిలో పూర్వపక్షాలను ఒక్కొక్కటిగా ఎత్తుకుని జవాబు చెబుతుంది. ప్రోగ్రామర్లు ఎలా బతకాలి, డబ్బు రాకపోతే ఎవరు రాస్తారు వంటి ప్రశ్నలను అది దాటవేయదు. అది దాని బలం. అయితే దానిలోని మనిషి స్నేహితుడు, పొరుగువాడు, వాడుకరి. శ్రామికుడిగా మాత్రం అరుదుగా కనిపిస్తాడు. రచయిత ఆగ్రహం నైతికమైనది. వర్గ సంబంధాలను అది అంచులలో తాకి వదిలేస్తుంది. ఈ లోటు తర్వాతి కాలంలో ఎలా బయటపడిందో ముందు ముందు చెబుతాను.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అనే ఒకే మాటకు స్వేచ్ఛ అనీ, డబ్బు అక్కర్లేదనీ రెండర్థాలున్నాయి. తాను చెప్పేది ధర గురించి కాదని స్టాల్‌మన్ జీవితమంతా వివరిస్తూనే వున్నాడు. తెలుగులో మనకా ఇబ్బంది లేదు. స్వేచ్ఛ వేరు, ఉచితం వేరు. ఈ తేడా మన ఇళ్లలోనే స్పష్టంగా కనిపిస్తుంది. లినక్స్‌కు ముందు నా కంప్యూటర్‌లో వున్నది కొన్న సరుకు కాదు, షాపులో ఎక్కించిన దొంగ కాపీ. ఊళ్లో నాకు తెలిసిన కంప్యూటర్లన్నిట్లోనూ అదే వుండేది. దానికి నేను పైసా ఇవ్వలేదు. అయినా అందులో స్వేచ్ఛ ఎక్కడిది? తప్పుంటే దిద్దలేను, ఎలా పనిచేస్తుందో చూడలేను, ఎప్పుడు ఆగిపోతుందో తెలియదు. పైగా దొంగతనం చేసినట్టు భయం. ధర లేకుండానే దాసుడిగా వుండవచ్చునని దొంగ కాపీ నాకు నేర్పింది.

1998 ఫిబ్రవరిలో మరో పేరు పుట్టింది, ‘ఓపెన్ సోర్స్’ అని. స్వేచ్ఛ అనే మాట వ్యాపారస్తులను బెదరగొడుతోందనీ, పని తీరులోని లాభాలను చెబితే కంపెనీలు ఒప్పుకుంటాయనీ భావించినవారు పెట్టుకున్న పేరు అది. వాళ్ల లెక్క తప్పలేదు, కంపెనీలు ఒప్పుకున్నాయి. ఒక ఉద్యమం పేరులోంచి దాని లక్ష్యాన్ని చెప్పే మాటను తీసేసి, పద్ధతిని చెప్పే మాటను పెడితే ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. అయినా అభ్యంతరం పేరు మీద ఆపకూడదు. రెండు పేర్ల కింద వున్న ప్రోగ్రాములు చాలావరకు అవే. నా ఇంట్లో వున్నవీ అవే.

సరే, ఆ మూలపాఠం చదివే హక్కు నాకుంది. మరి చదవగలనా? లేదు. ఒకసారి నా విద్యార్థి తెరిచి చూపించాడు. నాకు అది మంత్రశాస్త్రంలా కనిపించింది. అంటే నాలుగు స్వేచ్ఛల్లో వాడుకోవడం, పంచడం నాకు నిజంగా వున్నాయి. చదివి మార్చుకునేది కాగితం మీద మాత్రమే వుంది. భూమి లేనివాడికి భూమి కొనే హక్కు వున్నట్టు.

కానీ ఇక్కడ ఆగిపోతే పెద్దాయన ప్రశ్నకు తలవంచినట్టే అవుతుంది. ఒక్కడికి లేని శక్తి సమూహానికి వుండవచ్చు. ఆ సమూహం పనిచేసే పద్ధతి తెలుగు చదువుకున్నవాడికి కొత్తదేమీ కాదు. మనం పాఠాంతరం అంటాం, సవరణ అంటాం, పరిష్కృత ప్రతి అంటాం. వేమన పద్యాలను తలచుకోండి. ఎవరైనా చివర మకుటం పెట్టి ఒక పద్యం కలపవచ్చు. కలిపారు కూడా. బ్రౌన్ 1829లో అచ్చువేసేనాటికే ఏది వేమనది, ఏది ఇతరులదన్న చిక్కు వుంది. అది మన సాహిత్యంలో ఉమ్మడి రచనకు గొప్ప ఉదాహరణ. ప్రక్షిప్తాల గందరగోళానికీ అదే ఉదాహరణ. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో కూడా ఎవరైనా ఒక పంక్తి కలపవచ్చు. అయితే ఆ పంక్తిని ఎవరు, ఎప్పుడు, ఎందుకు కలిపారో నమోదవుతుంది. భారతానికి అలాంటి చరిత్ర దొరికివుంటే మన పరిష్కర్తల సగం ఆయుష్షు మిగిలేది.

చీలిక కూడా అంతే. ఓపెన్ఆఫీస్ అనే ప్రోగ్రాము యజమాని 2010లో మారాడు. కొత్త యజమాని పద్ధతి మీద నమ్మకం లేనివాళ్లు ఆ ఏడు సెప్టెంబరులో మూలపాఠాన్నంతా తీసుకుని వేరుపడ్డారు. నేను వాడే లిబ్రేఆఫీస్ అలా పుట్టింది. మన సంఘాల చరిత్ర తెలిసినవారికి చీలిక కొత్త మాట కాదు. మన చీలికల్లో గ్రంథాలయం ఒకరికి, బాకీలు ఒకరికి పోతాయి. అక్కడ గ్రంథాలయం మొత్తం ఇద్దరి దగ్గరా మిగులుతుంది.

ఇప్పుడు నా తెర మీది తెలుగు గురించి చెప్పాలి. లినక్స్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ లిబ్రేఆఫీస్‌లోనూ మెనూలన్నీ తెలుగులో పెట్టుకోవచ్చు. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ వంటి సంస్థల కార్యకర్తలు, ఇంజనీరింగ్ విద్యార్థులు, ఎందరో తెలుగు అభిమానులు చేసిన పని అది. చాలామందికి చిల్లిగవ్వ ముట్టలేదు. ఆ శ్రమకు నమస్కరించాకే విమర్శకు దిగుతున్నాను. కానీ దిగక తప్పదు. ఎందుకంటే అది లక్షల పదాల తెలుగు గ్రంథం. దాన్ని ఇంతవరకు ఏ సాహిత్య పత్రికా సమీక్షకు తీసుకున్నట్టు నేను చూడలేదు.

మొదటి పదం ‘దస్త్రం’. ఫైలుకు పెట్టిన పేరు. ఇది పారసీకం నుంచి వచ్చి కరణాల కచ్చేరీలో స్థిరపడిన మాట. పాత తరం రైతుకు తెలుసు. మంచి ఎంపికే, కాకపోతే ఇవాళ రైతు కూడా ఫైలు అనే అంటున్నాడు. రెండోది ‘అప్రమేయం’. మనం ఏదీ ఎంచుకోకపోతే కంప్యూటర్ తనంతట తాను తీసుకునేదానికి ఈ పేరు పెట్టారు. అప్రమేయం అంటే కొలవడానికి అలవికానిది. పురాణాల్లో విష్ణువుకు విశేషణం. తరగతిలో పాతికేళ్లుగా ఆ అర్థం చెబుతున్న నాకు, తెర మీద ‘అప్రమేయ ఫాంటు’ అని కనిపించినప్పుడు ఫాంటుకు దండం పెట్టాలేమో అనిపించింది. ‘నిష్క్రమించు’ అన్నది పద్యనాటకంలో పాత్ర వెళ్లిపోయేటప్పుడు వాడే మాట. అమరికలు అని ఒకచోట, అమర్పులు అని మరోచోట, ఒకే దానికి రెండు పేర్లు.

అన్నిటికంటే నాకు పాఠం నేర్పింది ‘దాచు’ అనే చిన్నమాట. మా ఆవిడ నెల లెక్కలన్నీ వేసి, భద్రం చేద్దామని ‘దాచు’ అని వున్నచోట నొక్కింది. తెర మీది పనిముట్ల వరుస మాయమైంది. కనపడకుండా చేయడానికి అనువాదకుడు ఆ మాట వాడాడు. ‘డబ్బు దాచుకోమంటారు, మాట దాచొద్దంటారు. నాకెట్లా తెలుస్తుందండీ?’ అని అడిగింది. అనువాదకుడి తప్పు లేదు. ఆ పని చేసేవారికి మాటలు విడివిడిగా వస్తాయి. ఏ మాట తెర మీద ఎక్కడ కూర్చుంటుందో తరచు వాళ్లకు కనిపించదు. సందర్భం లేకుండా పదానికి అర్థం చెప్పమంటే పండితుడైనా తడబడతాడు.

మంచి ఉదాహరణలూ వున్నాయి. ఫైర్‌ఫాక్స్‌లో ‘దింపుకోలు’ అనే మాట చూసినప్పుడు సంతోషం కలిగింది. బండి మీది బస్తాలు దింపుకునేవాడి నోట వుండే క్రియ అది. సంస్కృత సమాసం లేకుండా కొత్త పనికి పాత ధాతువు సరిపోయింది. మరోవైపు డ్వాక్రా స్త్రీలు ‘సేవ్ కొట్టు’, ‘డిలీట్ కొట్టు’ అంటున్నారు. ఇంగ్లీషు మాటకు తెలుగు క్రియ తగిలించి జనం వ్యాకరణం తయారుచేసుకున్నారు. ఈ జీవద్భాషకూ అప్రమేయానికీ మధ్య దూరం మనకు పాత పరిచయమే. గ్రాంథిక, వ్యావహారిక వివాదం పుస్తకాల్లో ముగిసింది, తెర మీద మళ్లీ మొదలైంది. స్వేచ్ఛగా పంచుకోదగిన తెలుగు ఫాంట్లలో ఒకదానికి గిడుగు పేరు పెట్టారు. ఆ గిడుగు అక్షరాలతోనే ‘నిష్క్రమించు’ అని చదువుకోవచ్చు.

‘ఉచితం’ అనే మాటకు మన శాస్త్రంలో మొదటి అర్థం ఊరికే వచ్చేదని కాదు, తగినదని. ఔచిత్యం దాని నుంచే వచ్చింది. తగిన చోట తగిన మాట వుండటాన్నే క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్నాడు. సాఫ్ట్‌వేర్ తెలుగుకు కూడా కొలబద్ద అదే. డబ్బు పుచ్చుకోలేదు కాబట్టి ఉచితం అంటే చాలదు, తగినది కూడా కావాలి. డబ్బుతో కొన్న సాఫ్ట్‌వేర్‌లో కూడా ఇలాంటి తెలుగే వుంటుంది. తేడా ఒక్కటే. అక్కడ ఫిర్యాదు చేయగలను, ఇక్కడ దిద్దగలను. రెండేళ్ల కిందట ముప్పై మాటలకు సవరణలు రాసి పంపాను. కొన్ని తీసుకున్నారు. కొన్నిటిని కారణం చెప్పి తిప్పి పంపారు, ఆ కారణాల్లో కొన్ని నాకంటే మెరుగైనవి. కోడ్ చదవలేని నాకు మూలపాఠంలో నేను దిద్దగల భాగం దొరికింది. అది భాష.

దీని అవసరం నాకు పూర్తిగా తెలిసింది ఒక మరణం తర్వాత. నాకు కథ రాయడం నేర్పిన మాస్టారు మూడేళ్ల కిందట పోయారు. ఏ కంపెనీ ఫాంటో చెప్పను గానీ, ఆయన చివరి కథలు పద్నాలుగు మా ఊరి డి.టి.పి. కేంద్రంలో అమ్మకపు ఫాంటు ఒకదానిలో టైపు చేయించుకున్నారు. సంవత్సరీకానికి సంపుటం వేద్దామని వాళ్ల అమ్మాయి నాకు సీడీ ఇచ్చింది. తెరిస్తే కథ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, విరామ చిహ్నాలు, ముక్కలు ముక్కలుగా చెత్త. డి.టి.పి. కేంద్రం ఎప్పుడో మూతపడింది. రాతప్రతులు టైపు కాగానే పారేశారట.

కారణం ఇది. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. అందులో ‘క’ ఎక్కడైనా ‘క’యే. కానీ మన అచ్చుపని చాలాకాలం వేరే ఫాంట్ల మీద నడిచింది. వాటిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు దాస్తారు. తలకట్టు ఒకచోట, గుడి ఒకచోట, ఒత్తు మరొకచోట. ఆ ఫాంటు లేకపోతే తెలుగు లేదు. అంటే మాస్టారి కథకు తాళం మాస్టారి దగ్గర కాదు, ఫాంటు అమ్మేవాడి దగ్గర వుంది. వెనకటికి పత్రికల వెబ్‌సైట్లలోని ఇలాంటి రాతను చదివించడానికి ‘పద్మ’ అనే స్వేచ్ఛా ప్రోగ్రాము ఫైర్‌ఫాక్స్‌కు అనుబంధంగా వుండేది. ఆ దారిలోనే నా విద్యార్థీ నేనూ కూర్చున్నాం.

వాడికి ప్రోగ్రాము వచ్చు, గుణింతం సరిగా రాదు. నాకు గుణింతం వచ్చు, ప్రోగ్రాము రాదు. కనిపించిన ప్రతి చెత్త గుర్తుకూ ఏ తెలుగు ముక్కో నేను పట్టిక రాశాను. క్రారవడి దగ్గర పది రోజులు ఆగిపోయాం. పాత ఫాంటులో అది కంటికి కనిపించే వరుసలో, హల్లుకు ముందు వస్తుంది. యూనికోడ్‌లో పలికే వరుసలో, హల్లు తర్వాత రావాలి. ‘ప్రజ’ అన్న మాట చాలాసార్లు విరిగిపోయాక సరిగ్గా కూర్చుంది. ఆరు ఆదివారాల తర్వాత మాస్టారి మొదటి కథలోని మొదటి వాక్యం తెర మీద తెలుగులో కనిపించింది. వాళ్ల అమ్మాయికి ఫోన్లో చదివి వినిపించాను.

ఇంత చెప్పాక యువమిత్రుడి మాటకు రావాలి. ఇదంతా సోషలిజమేనా? ఉమ్మడి ఆస్తి వుంది, నిజం. దాని మీద లాభం ఎవరు తీస్తున్నారు? 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని మొదటి 500 సూపర్ కంప్యూటర్లూ లినక్స్ మీదే నడుస్తున్నాయి. 2019లో ఐ.బి.ఎం. 3400 కోట్ల డాలర్లకు రెడ్‌హ్యాట్‌ను కొన్నది. నా జేబులోని ఆండ్రాయిడ్ ఫోను లోపల వున్నది లినక్స్ కెర్నలే, కానీ ఆ ఫోను మీద నాకు నా కంప్యూటర్ మీద వున్న అధికారం లేదు. ఇటు పక్క చూడండి. 2014లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడినప్పుడు, వెబ్‌సైట్ల రహస్యాలను కాపాడే ఓపెన్ఎస్ఎస్ఎల్ పనికి ఏటా వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లని తెలిసింది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాములో ఒక దొంగ తలుపు దొరికింది. దాన్ని ఏళ్లతరబడి జీతం లేకుండా సాకినవాడు ఒక్కడు. అలసిపోయిన ఆ మనిషికి సాయం చేస్తానని వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, మారుపేరుతో ఒకరు చేసిన పని అది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఒక ఇంజనీరు అనుమానించి, మూలపాఠం తెరిచివుంది కాబట్టి వెదికి పట్టుకున్నాడు.

ఈ ఒక్క ఉదంతంలో రెండు పక్షాలూ వున్నాయి. పాఠం తెరిచి వుండటం వల్ల ద్రోహం దొరికింది. శ్రమకు విలువ లేకపోవడం వల్ల ద్రోహానికి చోటు దొరికింది. మేనిఫెస్టో వాడుకరి స్వేచ్ఛను చెప్పింది గానీ, రాసేవాడి కూలి సంగతిని సమాజం సర్దుకుంటుందని వదిలేసింది. పెట్టుబడి తన పద్ధతిలో సర్దుకుంది. కనక ఇది సోషలిజం కాదు. పెట్టుబడిదారీ సమాజం మధ్యలో మిగిలిన ఊరుమ్మడి బీడు. అందరూ మేపుకోవచ్చు, పెద్ద మందలున్నవాడు ఎక్కువ మేపుకుంటాడు. అంతమాత్రాన బీడును వదులుకుందామా? కంచె పడకుండా చూసుకోవడం, దాన్ని సాకేవాళ్ల కూలి గురించి మాట్లాడటం మన పని.

ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలో కూడా చెప్పాలి. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీద చదువుకుంటున్నారు. మన బడుల్లో ఆ డిమాండు ఉపాధ్యాయ సంఘాలు ఎత్తుకోవాలి. రచయితల సంఘంగా మనం చేయగలిగింది ఇంకా దగ్గరలో వుంది. మన ప్రచురణల ప్రతులు యూనికోడ్‌లో, ఎవరైనా తెరవగల రూపంలో దాచాలి. ప్రతి జిల్లాలో పాత ఫాంట్లలో చిక్కుకున్న రచనల జాబితా వేయాలి. తెలుగు చేసే యువకుల పక్కన తెలుగు చెప్పేవాళ్లు కూర్చోవాలి. పెద్దాయన అడిగిన ‘ఏం పని’కి జవాబు ఇదే.

మాస్టారి కథల సంపుటం పన్నెండు కథలతో వచ్చింది. మిగిలిన రెండూ వేరే ఫాంటులో వున్నాయి, మా పట్టిక వాటికి పనిచేయడం లేదు. ఆ ఫాంటు అక్షరాల వరుస తెలిసినవారు, పాత డి.టి.పి. పనివారు ఎవరైనా ఈ వ్యాసం చదివితే పత్రిక ద్వారా కబురు పెట్టమని కోరుతున్నాను.